ఫ్లెక్సు గదిలోకి హారతి

నాకు ఫ్లెక్సు మిషన్ అంటే మొదటి రోజు నుంచీ ఒళ్ళుమంట. ఎవరైనా ఆ రోజుల గురించి "భలే రోజులు" అంటే తలుపు వాళ్ళ మొహం మీదే వేసేయాలనిపిస్తుంది. ఏం భలే? అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకి పోయే దారిలో ఒక పాత బెల్లం గోడౌను. కిటికీ అన్నది లేదు. ఒకటే గుమ్మం. దిమ్మలు పేర్చి పేర్చి నల్లబడిన గోడలకి సున్నం కొట్టి, పైన ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించి, బయట రంగురంగుల బోర్డు పెట్టేశారు. గోడల్లోంచి చీమలు మాత్రం బారులు కట్టి వస్తూనే ఉండేవి. బెల్లం ఎత్తేశారని వాటికెవరూ చెప్పలేదు.

మా ఓనరు ఆ గోడౌను పెట్టిన బెల్లం వ్యాపారి కొడుకు. తండ్రి పోయాక బెల్లం అమ్ముకోవడం నామోషీ అనిపించి, హైదరాబాదు వెళ్ళి ఈ మిషన్ కొనుక్కొచ్చాడు. ఊళ్ళో ప్రతి పుట్టినరోజుకీ, ప్రతి పిల్ల సమర్తకీ, చోటా నాయకుడు విశాఖపట్నం వెళ్ళొచ్చినా సరే ఫ్లెక్సు కట్టడం అప్పుడప్పుడే మొదలైంది. నేను డీటీపీ నేర్చుకున్నాను. కంప్యూటరు ముందు కూర్చుని డిజైన్లు చేసే పని అని చేరాను. మిషన్ నడిపే మనిషి ఒకరోజు చెప్పా పెట్టకుండా అచ్యుతాపురం కంపెనీ బస్సెక్కేశాడు. "నువ్వే సూసుకోమ్మా, బటన్లే కదా" అన్నాడు ఓనరు. బటన్లే కదా! ఆ మాట అన్నవాడు దాని పక్కన ఒక్క పూట కూడా నిలబడి ఎరగడు.

మిషన్ అంటే కుట్టుమిషను అనుకునేరు. మంచం పక్కన మంచం వేసినంత పొడుగు. వెనక నుంచి తెల్లటి ఫ్లెక్సు చుట్ట విప్పుకుంటూ వస్తుంది. మీద ఒక పెట్టె ఇనప పట్టా పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి ఉరుకుతూ రంగు చిమ్ముతుంది. క్యారేజీ అంటారు దాన్ని. అది ఉరికే దారిలో చెయ్యి ఉందా, చున్నీ ఉందా అని దానికి పట్టదు. నేను చున్నీ వెనక్కి కట్టి పిన్ను పెట్టుకునేదాన్ని, జడ ముడేసుకునేదాన్ని. "ఏటమ్మా, వరి కోతకెళ్తన్నావా?" అని ఓనరు ఎగతాళి. పక్కనే ఇంకో చిన్న మిషన్, రేడియం కోసేది. బండి నంబరు ప్లేట్ల మీద, ఆటో అద్దాల మీద అంటించే రంగు స్టిక్కరు షీటుని మా దగ్గర అందరూ రేడియం అనే అంటారు. దాని బ్లేడు బియ్యపు గింజంత. పై స్టిక్కరు మాత్రమే తెగాలి, కింద కాగితం తెగకూడదు, అంత సుతారంగా బిగించాలి. షీటుని ముందుకీ వెనక్కీ ఎప్పుడు లాగుతుందో తెలియదు. వంకరగా పోతోంది కదా అని మధ్యలో వేలు పెట్టి సర్దామా, వేలి మీద గీత పడినట్టే. బియ్యపు గింజ కదా అని నవ్వేవాళ్ళని నేను చాలామందినే చూశాను. నవ్వి, తర్వాత వేలు నోట్లో పెట్టుకున్నవాళ్ళనీ చూశాను.

అన్నిటికన్నా చెడ్డది ఆ వాసన. మిషన్ బిగించడానికి వచ్చిన ఇంజనీరు అందరినీ నిలబెట్టి చెప్పాడు. ఇది నీళ్ళ ఇంకు కాదు, పెట్రోలు అనుకోండి. రంగు చిమ్మే హెడ్లు కడగడానికి ఇచ్చే మందు అంతకన్నా చెడ్డది. దాని ఆవిరి కంటికి కనపడదు, నేల బారుగా పరుచుకుంటుంది. ఫ్యాను ఆపకండి, ఈ గదిలో అగ్గిపుల్ల గియ్యకండి. ఇంతే, ఇంతకన్నా సులువుగా ఎవరు చెబుతారు? ఓనరు తలూపాడు. ఒక చెవిలో సెల్‌ఫోను ఉంది, రెండో చెవితో విన్నాడేమో, అది కూడా అనుమానమే. దున్నపోతు మీద వాన కురిసినట్టే.

నేను మాత్రం కళ్ళారా చూశాను. ఫ్లెక్సులు ఇనప ఫ్రేములకి బిగించే మనిషి ఒకాయన మునగపాక నుంచి సైకిలు మీద వచ్చేవాడు. చెరుకు పనులు లేనప్పుడు ఈ పని. నన్ను "సెల్లెమ్మా" అని పిలిచేవాడు. ఒకసారి పెరట్లో కూర్చుని బీడీ కాల్చి, ఆ ముక్కని పక్కకి గిరాటేశాడు. అక్కడ నేను హెడ్లు తుడిచి పారేసిన గుడ్డపీలికలున్నాయి. బుస్సుమని లేచింది మంట, ఆయన మోకాలెత్తు. మనిషి ఎగిరి గోడ మీద పడ్డాడు. "ఓలమ్మో, ఇదేటి సెల్లెమ్మా, గుడ్డలేనా ఇయి?" అన్నాడు. అప్పటి నుంచి ఆయన బీడీ వీధి అవతల. నా బుర్రలో కూడా అప్పుడే గట్టిగా నాటుకుంది. ఆరుబయట ఒక పిడికెడు పీలికలకే అంత మంట. కిటికీ లేని గోడౌనులో, డబ్బాలకి డబ్బాలు పెట్టుకుని, ఒకే ఒక్క గుమ్మంతో మేం కూర్చుని ఉన్నాం.

ఇక ఓనరు వాళ్ళమ్మ. గోడౌను వెనకే వాళ్ళిల్లు. నిద్ర లేచిన దగ్గర నుంచి ఆవిడ పెత్తనమే. శుక్రవారం శుక్రవారం ప్రసాదం పట్టుకుని వచ్చి అందరి చేతుల్లో పెట్టేది. నేను చెయ్యి చాపేదాన్ని కాదు. మాది చర్చికి వెళ్ళే ఇల్లు. విగ్రహాల ముందు పెట్టింది నోట్లో పెట్టకూడదని మా అమ్మ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నూరిపోసిన మాట. "వద్దండి మామ్మగారూ" అని మర్యాదగానే చెప్పేదాన్ని. మొదటిసారి ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. రెండోసారి "కిరస్తానం గుంటవా?" అంది. ఆ తర్వాత నా ముందుకొచ్చి, గిన్నె కొంచెం ముందుకి చాపి, నేను వద్దనకముందే వెనక్కి లాక్కునేది. కావాలనే. ప్రతి శుక్రవారం. ఆవిడ వెళ్ళాక కీబోర్డు మీద నా వేళ్ళు టకటకమని ఎలా పడేవో ఆ కీబోర్డుకే తెలుసు.

మొదటి దసరాకి ఏం జరిగిందో చెప్పాలి. ఆయుధపూజకని మిషన్ మూత ఎత్తి ఉంచారు. నేను సెలవులో ఉన్నాను. క్యారేజీ ఉరికే పట్టా వెంట ఒక సన్నటి ప్లాస్టిక్ రిబ్బను బిగించి ఉంటుంది. దాని మీద కంటికి ఆనని గీతలుంటాయి. ఆ గీతలు చూసుకుంటూనే క్యారేజీ తను ఎక్కడుందో తెలుసుకుంటుంది. ముసలావిడకి ఆ రిబ్బను గడపలాగా కనపడింది కాబోలు, తడి పసుపు పూసి, ఈ చివర నుంచి ఆ చివరి దాకా వరసగా కుంకుమబొట్లు పెట్టేసింది. మర్నాడు స్విచ్ వేస్తే ఏముంది, క్యారేజీ గుడ్డిదైపోయి, ఆగాల్సిన చోట ఆగకుండా పోయి చివరి గోడకి దభేలుమని కొట్టుకుంది. నేను మిషన్ ఆపే ఎర్ర బటన్ మీద అరచేత్తో గుద్దాను కాబట్టి హెడ్లు దక్కాయి. ఎంత తుడిచినా ఆ రిబ్బను మీద మచ్చలు పోలేదు. కొత్తది వచ్చేదాకా ఊళ్ళో నాయకులందరికీ రెండేసి మీసాలు పడ్డాయి. నాకు నవ్వు ఆగేది కాదు, ఓనరుకి కోపం ఆగేది కాదు. తప్పు ఎవరిదయ్యా అంటే, నాదే! "బొట్టెడితే మిషన్ పాడైపోద్దేటి? దేశంలో ఎన్ని మిషన్లకి బొట్టెట్టట్లేదు? ఈ గుంటకి మన బొట్టంటే పడదు, అదేదో సేసుంటాది" అని ముసలావిడ వీధి వీధంతా వినపడేలా అంది. ఓనరు ఖండించలేదు. ఇంజనీరు వచ్చి రిబ్బను చూపించి, ఇదిగో కుంకుమ అని చెప్పినా సరే, నన్నే కొరకొరా చూశాడు.

అందుకే మరుసటి దసరాకి ముందు నేను రేడియం మిషన్ మీద ఎర్రటి గుండ్రని స్టిక్కర్లు కోసి, మిషన్ కాళ్ళకీ పక్క రేకులకీ అంటించాను. బొట్లు ఇక్కడ పెట్టుకోండి, ఏ ఇబ్బందీ ఉండదు అని ఆవిడకి చూపించాను. ఆవిడ గోటితో వాటిని ఒక్కొక్కటే పీకి నా టేబులు మీద పడేసింది. "దేవుడికి సోటు నువ్వు సూపిత్తావేటే?" అంది. సరే, రిబ్బను మీద నేనే ఒక అట్ట కప్పి టేపు వేసేశాను. కానీ నా భయం బొట్టు గురించి కాదు. పూజ చివర్లో బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, మిషన్ చుట్టూ ముమ్మారు తిప్పి, గుమ్మంలో పగలగొట్టి దిష్టి తీస్తారు. మొదటి ఏడాది ఫ్యాను తిరుగుతోంది, గది ఆరి ఉంది, గట్టెక్కేశారు. అదే వాళ్ళకి ధైర్యం. "పోయినేడు సేసేం కదమ్మా, ఏటయింది?" అన్నాడు ఓనరు, నేను ఎన్నిసార్లు చెప్పినా. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నా విషయంలో అది తిరగబడింది.

మరి మానేసి పోవచ్చు కదా అంటారు. ఎందుకు పోవాలి? పని నేర్చుకున్నది నేను, ఆ వాసన పీల్చి రాత్రీ పగలూ తలనొప్పి పడ్డది నేను. వాళ్ళ మొండితనానికి నేను చోటు ఖాళీ చెయ్యాలా?

దసరా పొద్దున్న మిషన్ తళతళలాడాలని ఓనరు హుకుం. నేను రాకముందే ఫ్రేములు బిగించే ఆయన చేత మిషన్ మొత్తం తుడిపించేశాడు. దేనితో? హెడ్లు కడిగే మందుతో. కొంచెం కూడా కాదు, డబ్బా వంచేశారు. పైగా కరెంటు లేదు. ఫ్యాను బిక్కచచ్చిపోయి ఉంది. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే కళ్ళు భగ్గుమన్నాయి, గొంతు పట్టేసింది. లోపల ఆయన నిచ్చెన ఎక్కి మామిడాకుల తోరణం కడుతున్నాడు. "దిగి బయటికి రా అన్నా" అన్నాను. "ఇదిగో, ఐపోనాది సెల్లెమ్మా" అన్నాడు. ఓనరు పట్టుపంచె కట్టుకుని, పక్క కొట్ల వాళ్ళని పిలవడానికి వెళ్ళాడు. అరుగు మీద ముసలావిడ ఒక్కతే పూజ సామాను సర్దుకుంటోంది. కొడుకుతో చెప్పి లాభం లేదు. ఆవిడ దగ్గరికే వెళ్ళాను.

"మామ్మగారూ, హారతి గుమ్మం బయటే ఇచ్చెయ్యండి. కర్పూరం లోపలికి తేకండి."

"ఏటి? ఎందుకు తేకూడదు?"

"గదంతా మందు ఆవిరి నిండిపోయింది. ఫ్యాను లేదు. నిప్పు తగిలిందంటే మిషనూ ఉండదు, మనుషులూ ఉండరు. మంట అసలు లోపలికి రాకూడదండి."

"మీ మేరీమాత ముందర కొవ్వొత్తులెలిగించరేటి? మా కర్పూరానికే వచ్చేత్తాదా నిప్పు?"

"మేరీమాత మాది కాదండి, మా చర్చి వేరు. ఐనా సరే, మా పాస్టరుగారే కొవ్వొత్తి పట్టుకుని వచ్చినా ఇక్కడ వెలిగించనివ్వను."

ఆవిడ నా కళ్ళలోకి చూసింది. నేను కూడా చూపు దించలేదు. ఆ కోపంలో దించుదామన్నా దిగేది కాదు.

"నా సేతి పెసాదం ముట్టని దానివి. నా దేవుడికి దండమెట్టని దానివి. నీ మాట నానెందుకినాలే?" అంది. తర్వాత పక్కనున్న గిన్నె మూత తీసింది. పొద్దున్నే ఇంట్లో దేవుడికి పెట్టిన పరవాన్నం. "ఇది తిను. తింటే ఇంటాను. హారతి బయటే ఇత్తాను."

చెంప మీద కొట్టినా అంత కోపం రాదు. ముసలిదానికి ఎంత తెలివి! ఇన్ని శుక్రవారాల కసి ఒక్క ముద్దలో తీర్చుకుంటోంది. గదిలో మనుషుల ప్రాణాల మీదికొచ్చింది అని నేనంటే, ఈవిడ బేరం పెడుతోంది! గిన్నె తీసుకెళ్ళి వీధిలో విసిరి కొట్టాలనిపించింది. అమ్మ మొహం కళ్ళ ముందుకొచ్చింది. గుమ్మంలోంచి చూస్తే నిచ్చెన మీద ఆయన ఇంకా తోరణం సర్దుతున్నాడు, ఏదో కూనిరాగం కూడా తీస్తున్నాడు.

చెయ్యి చాపాను. ఆవిడ అరచేతిలో ఇంత పెట్టింది. నోట్లో వేసుకున్నాను. తియ్యగా ఉంది, యాలకుల వాసన. బాగుండడం చూసి నాకింకా ఒళ్ళు మండింది. ఆవిడ నా గొంతుకేసే చూస్తూ కూర్చుంది.

"నోరు తెరు" అంది.

తెరిచాను. చిన్నపిల్లకి మాత్ర వేసి మింగిందో లేదో చూసినట్టు చూసింది. చూసి, మూత పెట్టేసి, "ఎళ్ళు. బయటే ఇత్తాను" అంది.

జనం వచ్చారు. ఓనరు గుమ్మడికాయ మీద కర్పూరం బిళ్ళలు పేర్చి అరుగు మీదే వెలిగించాడు. "ఒరే, ఇక్కడే తిప్పి కొట్టెయ్. లోపలికొద్దు" అంది వాళ్ళమ్మ. ఓనరు మొహం మాడిపోయింది. పక్క కొట్ల వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"నా మిషన్‌కి నా గోడౌన్లో హారతి నేదా? ఎవులు సెప్పేరు? ఇదేనా?" అని నా వైపు గడ్డం ఎగరేశాడు. "కిరస్తానం దాని మాటిని దిష్టి వీధిలో తియ్యాలా నాను? అందరూ నవ్వుతారు!"

గుమ్మడికాయ రెండు చేతులా పట్టుకుని, మంట భగభగలాడుతుంటే, గుమ్మం వైపు నడిచాడు. నేను వెళ్ళి గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను. రెండు చేతులూ చెరో పక్క గోడకి ఆనించాను. వీపు వెనక నుంచి మందు వాసన గుప్పుగుప్పున కొడుతోంది.

"తప్పుకో."

"తప్పుకోను సార్. లోపల మనిషున్నాడు."

"తప్పుకుంటావా, నేదా?"

కాయ నా మొహం మీదికి వచ్చేసింది. కనుబొమల దగ్గర వేడి తగిలింది. ఇతను నన్ను భుజంతో ఒక్క తోపు తోస్తే అయిపోయినట్టే, అందరం అయిపోయినట్టే అనుకున్నాను.

పక్క నుంచి ముసలావిడ చెయ్యి వచ్చింది. బంగారు గాజుల చెయ్యి. ఆ మంట మీద అరచెయ్యి బోర్లించి నొక్కేసింది. చుయ్యిమంది. తియ్యలేదు, మంట పూర్తిగా చచ్చేదాకా అలాగే నొక్కి పెట్టి ఉంచింది. జనంలో ఎవరో "అయ్యో అయ్యో, హారతి ఆర్పేసింది" అని లెంపలు వేసుకున్నారు.

"అది తిన్నాది రా" అంది ఆవిడ. "దేవుడికెట్టింది తిన్నాది. నాను మాటిచ్చేను. నా మాట నువ్వు తప్పిత్తావా?"

తర్వాత నా వైపు తిరిగింది. అరచేతిలో తోలు తెల్లగా ఉబ్బుతోంది.

"సంబరపడిపోకు. నీ మొహం సూసి కాదు" అంది. చెయ్యి కొంగులో చుట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

లోపలున్నాయన అప్పుడు తీరిగ్గా బయటికొచ్చి "ఏటీ, దిష్టి తీసేసేరా?" అని అడిగాడు. అతన్ని అక్కడే నాలుగు తన్నాలనిపించింది నాకు. గోడకి జారబడి ఏడ్చేశాను.

ఓనరు నాతో మాట్లాడ్డం మానేశాడు. అదొక లాభమే. ఆవిడ కట్టు కట్టుకున్న చేత్తో తిరుగుతూనే, నేను ఎదురుపడితే ఎప్పటిలాగే మొహం తిప్పుకునేది. నేనూ తిప్పుకునేదాన్ని.

ఇంట్లో దాచడం నా వల్ల కాలేదు. ఆ సాయంత్రమే అమ్మకి జరిగింది జరిగినట్టు చెప్పాను. మంట సంగతి, నిచ్చెన మీద మనిషి సంగతి, గుమ్మంలో నిలబడిన సంగతి అన్నీ చెప్పాను. అమ్మ అన్నీ విని, "తిన్నావా?" అంది. తిన్నానన్నాను. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. చనిపోయేవాళ్ళమమ్మా అన్నాను వెనకాలే వెళ్ళి. గిన్నెలు తోముతూనే ఉంది, తల తిప్పలేదు.

వచ్చిన ఆదివారం చర్చిలో క్రీస్తు శరీరమని రొట్టె ఇచ్చే రోజు. పాపంలో ఉన్నవాళ్ళు అది ముట్టకూడదంటారు. పళ్ళెం మా వరస దాకా వచ్చింది. అందరిలాగే నేనూ చెయ్యి చాపాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా, గాజులు గుచ్చుకునేలా పట్టుకుని, ఆ చెయ్యి నా ఒళ్ళోకి దించేసింది. పళ్ళెం పట్టుకున్న పెద్దాయన ఒక్క క్షణం ఆగి, నన్ను దాటి పక్కావిడ దగ్గరికి వెళ్ళిపోయాడు. నా చెయ్యి అమ్మ చేతి కింద అలాగే ఉంది. ఆ బెంచీ మీద కూర్చుని, నన్ను కన్నతల్లి కన్నా ఆ ముసలిదే నయం అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటాను.